కమాను కట్టకి ఇంకో పట్టీ

1985 వేసవిలో వచ్చిన 'బ్యాక్ టు ద ఫ్యూచర్' సినిమా పేరెత్తగానే అందరికీ డెలోరియన్ కారే గుర్తొస్తుంది. కానీ ఆ సినిమాలో కుర్రాడు మార్టీ మనసు పారేసుకున్నది దాని మీద కాదు, ఒక నల్ల టొయోటా పికప్ మీద. నేల మీంచి ఎత్తుగా, లావుపాటి టైర్ల మీద, తొట్టి పైన దీపాల వరసతో నిలబడి ఉంటుందది. కాలమంతా తిరిగొచ్చాక చివరికి అతని ఇంటి గరాజ్‌లోనే ప్రత్యక్షమవుతుంది. అప్పటి అమెరికా కుర్రకారు కలల్లో ఎత్తు పికప్ ఎక్కడుందో చెప్పడానికి ఆ ఒక్క సీను చాలు.

ఆ బండి 1985 మోడల్. మా దివిసీమ వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ "ఉప్పెనకి ముందు, ఉప్పెన తర్వాత" అని కాలాన్ని కొలుస్తారు. పాత టొయోటాల పిచ్చి ఉన్నవాళ్ళకి 1985 అలాంటి గీత. 1979 నుంచి 1985 దాకా ఇక్కడ అమ్మిన నాలుగు చక్రాల డ్రైవ్ పికప్పులకి ముందు కూడా లారీకి ఉన్నట్టే అటు నుంచి ఇటు ఒకే ఇరుసు, దాని మీద కమాను కట్టలు. 1986 మోడల్ నుంచి ముందు చక్రాలు దేనికది విడిగా ఊగడం మొదలైంది. కమానులు పోయి టార్షన్ బార్లు వచ్చాయి. రోడ్డు మీద కూర్చున్నవాడి నడుముకి హాయి. బండిని చవగ్గా పైకి లేపుదామనుకునేవాడికి మాత్రం అక్కడితో మంచి రోజులు అయిపోయాయి.

నా దగ్గరున్నది 1991ది, అంటే ఉప్పెన తర్వాతది. మెకానికల్ చదివి పదిహేనేళ్ళుగా జావా రాసుకుంటున్నవాడికి చేతులకి గ్రీజు అంటే పని ఒకటి కావాలనిపించి కొన్నాను. దాన్ని తక్కువ ఖర్చులో కాస్త ఎత్తు చేయొచ్చా అని వెతుకుతూ, ఎప్పటిలాగే అసలు పని పక్కన పెట్టి చరిత్రలో పడ్డాను. అందులో దొరికిందే ఇది.

ముందు ఈ కమాను సంగతి. ఇంగ్లీషులో దీన్ని ఆకు స్ప్రింగ్ అంటారు. మనవాళ్ళకి విల్లు కనిపించింది కాబట్టి పారసీ మాట తీసుకుని కమాను అన్నారు. నా ఓటు మనవాళ్ళకే, ఎందుకంటే అది చేసే పని విల్లు పనే. 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో ఒబాడియా ఇలియట్ అనే బండ్ల తయారీదారు రెండు విల్లులని ఎదురెదురుగా బిగించి గుర్రబ్బగ్గీల కింద పెట్టి పేటెంట్ తీసుకున్నాడు. మోటారు వచ్చాక ఆ విల్లే కార్ల కిందకీ లారీల కిందకీ దూరింది. దీని గొప్పతనం ఏమిటంటే, ఒకే వస్తువు మూడు పనులు చేస్తుంది. బరువు మోస్తుంది, ఇరుసుని దాని స్థానంలో పట్టి ఉంచుతుంది, పట్టీకి పట్టీ రాసుకోవడం వల్ల ఊపుని కొంత తగ్గిస్తుంది కూడా. పైగా విప్పదీయడానికి నాలుగు యూ-బోల్టులు, ఒక సెంటర్ బోల్టు. చెట్టు కింద కూడా చేసుకోవచ్చు.

మా మేనమామకి ఒకప్పుడు లారీ ఉండేది. ధాన్యం సీజనుకి ముందు విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్ళి కమాను కట్టల్లో అదనంగా ఒకటో రెండో పట్టీలు వేయించేవాడు. విరిగిన పట్టీలు కూడా వృధా పోయేవి కాదు, ఊళ్ళో కమ్మరి కొలిమిలో కత్తులయ్యేవి. మొన్న వాట్సాప్‌లో మాట్లాడుతూ నా బండికి కూడా ఒక పట్టీ వేద్దామనుకుంటున్నానని చెప్పాను.

"లోడెంత ఎక్కిస్తావురా?" అన్నాడు.

"లోడేం లేదు మామయ్యా. ఎత్తు పెరగడానికి."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "లోడు లేకుండా పట్టీ ఎందుకేస్తార్రా, నడుం విరుగుద్ది" అన్నాడు.

ఆయన ఒక్క ముక్కలో అన్నదే అమెరికాలో యాభై అరవై ఏళ్ళ కథ. అక్కడ బరువు కోసం వేసే ఉక్కు ఇక్కడ ఎత్తు కోసం వేస్తారు. ఇది ఎలా మొదలైందో చూద్దాం.

మొదట్లో ఎత్తు ఎవరూ కోరుకున్నది కాదు, అవసరం వెనకాల వచ్చింది. 1930లలో ఇండియానాపొలిస్‌లోని మార్మన్-హెరింగ్టన్ కంపెనీ ఫోర్డ్ లారీలు తీసుకుని వాటికి ముందు చక్రాలక్కూడా డ్రైవ్ పెట్టి అమ్మేది. యుద్ధం అయ్యాక మినియాపొలిస్‌లో నాప్కో అనే కంపెనీ షెవర్లే, జీఎంసీ పికప్పులకి అదే పని కిట్టు రూపంలో చేసింది. 1957 నాటికి షెవర్లే ఫ్యాక్టరీ నుంచే ఆ సరంజామాతో కొనుక్కోవచ్చు. డాడ్జ్ అప్పటికే, 1946లో, యుద్ధం లారీకి పౌర వేషం వేసి పవర్ వ్యాగన్ పేరుతో అమ్ముతోంది. 1959లో ఫోర్డ్ తన సొంత నాలుగు చక్రాల డ్రైవ్ పికప్ తెచ్చింది. ఇవన్నీ మామూలు పికప్పుల కంటే ఎత్తుగా ఉండేవి. కారణం సాదా సీదాది. ఇంజను కింద, ఆయిల్ సంపుకి తగలకుండా, ముందు ఇరుసు పైకీ కిందకీ ఆడాలి. దానికి చోటు కావాలంటే బండే పైకి లేవాలి. కొన్నవాళ్ళు రైతులు, కలప నరికేవాళ్ళు, కరెంటు స్తంభాలు వేసేవాళ్ళు. వాళ్ళకి కావలసింది బురదలోంచి బయటపడడం. ఎత్తు వాళ్ళకి నిచ్చెన ఎక్కినట్టు ఎక్కాల్సిన తలనొప్పి.

కానీ ఏళ్ళ తరబడి చూసీ చూసీ జనం మనసులో ఒక లెక్క స్థిరపడిపోయింది: ఎత్తుగా ఉంటే గట్టి బండి. ఈ లెక్క ఎంత బలపడిందంటే, 1998లో టొయోటా వాళ్ళు ప్రీరన్నర్ పేరుతో ఒక టకోమాని అమ్మారు. నాలుగు చక్రాల బండికున్న ఎత్తు దానికీ ఉంటుంది, డ్రైవ్ మాత్రం వెనక రెండు చక్రాలకే. పిలక పెట్టుకుని జంధ్యం మర్చిపోయినట్టు. బాగానే అమ్ముడుపోయింది.

ఈ రెండింటికీ మధ్య 1970లు ఉన్నాయి. కాలిఫోర్నియాలో రూబికాన్ ట్రైల్ మీద జీపులతో 1953 నుంచే ఏటా జాంబోరీ జరుగుతోంది. రాళ్ళ మీద ఎక్కించి దించే సరదా అలా పాకింది. 1974లో లూసియానాలో స్కైజాకర్ అనే సస్పెన్షన్ల కంపెనీ పుట్టింది. అదే ఏడాది సెయింట్ లూయిస్‌లో బాబ్ చాండ్లర్ అనే కాంట్రాక్టరు ఒక ఫోర్డ్ ఎఫ్-250 కొన్నాడు. ఆయన బండిని వాడే తీరుకి ఏదో ఒకటి విరుగుతూ ఉండేది. దాని బదులు ఇంకా పెద్దది వేసేవాడు. పెద్ద ఇరుసు వేస్తే పెద్ద టైరు పడుతుంది, పెద్ద టైరు వేస్తే మళ్ళీ ఇంకేదో విరుగుతుంది. సైన్యం వదిలించుకున్న లారీల ఇరుసులు దొరకడంతో ఆ ఎత్తుకి అంతు లేకుండా పోయింది. యాక్సిలరేటర్ మీద ఆయన కాలి బరువుని బట్టి బండికి బిగ్‌ఫుట్ అని పేరొచ్చింది. 1981లో ఒక పొలంలో రెండు పాత కార్ల మీదుగా దాన్ని నడిపి నుజ్జు చేశాడు. మాన్‌స్టర్ ట్రక్కుల తిరునాళ్ళన్నీ అక్కడి నుంచే. మన రోడ్డు పక్క పికప్పులకి అంత ఎత్తు అక్కర్లేదు గానీ, పదహారేళ్ళ కుర్రాడు తన పాత బండి వంక చూసుకుని నిట్టూర్చడం మాత్రం ఆ బొమ్మల వల్లే మొదలైంది.

ఆ కుర్రాడి దగ్గర డబ్బు లేదు. బండి కూడా చిన్నది, బహుశా జపాన్‌ది. (ఇక్కడొక పిట్టకథ. యూరప్ వాళ్ళు అమెరికా కోళ్ళ మీద సుంకం వేశారని 1964 నుంచి అమెరికా దిగుమతి పికప్పుల మీద 25 శాతం సుంకం వేసింది. తొట్టి లేని ఉత్త ఛాసిస్ మీదైతే 4 శాతమే. దాంతో 1970లలో జపాన్ పికప్పులు తొట్టి లేకుండా ఓడ దిగి, ఇక్కడ తొట్టి తగిలించుకుని షోరూముకి వెళ్ళేవి. 1980లో ఆ కన్నం పూడ్చేశారు. కోళ్ళు ఏమయ్యాయో గానీ ఆ సుంకం ఇంకా ఉంది.) కంపెనీ కిట్టు కొనలేని ఇలాంటి వాళ్ళు కనిపెట్టినవే చవక దారులన్నీ. చాలావరకు పాత ఇనప సామాను యార్డుల్లో, వెల్డింగ్ షాపుల్లో పుట్టినవి.

వాటిలో అన్నిటికంటే నిజాయితీ ఉన్నది మా మామయ్య పద్ధతి. కట్ట విప్పి పొడుగు పట్టీల మధ్య బాగా వంపున్న ఇంకో పట్టీ దూర్చడం. ఒకటీ రెండు అంగుళాలు లేస్తుంది, వంద డాలర్ల లోపు. ఎత్తుతో పాటు మోసే శక్తి కూడా పెరుగుతుంది, అది అడిగినా అడక్కపోయినా. ఖాళీ బండి గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంది. మామయ్య అన్న నడుం ఇదే.

రెండోది షాకిల్. కమాను ఒక కొస ఛాసిస్‌కి బిగించి, రెండో కొస ఊగే చిన్న లంకెకి వేలాడుతుంది. ఆ లంకె పొడుగు చేస్తే బండి లేస్తుంది. అయితే మొదటి కొస కదలదు కాబట్టి లంకె 2 అంగుళాలు పెంచితే మధ్యలో ఉన్న ఇరుసు దగ్గర దక్కేది అంగుళమే. మిగిలిన అంగుళం ఇరుసు మూతిని కొద్దిగా తిప్పుతుంది. డ్రైవ్ షాఫ్ట్ జాయింటులో కొత్త వణుకు వస్తే కారణం అదే.

మూడోది దిమ్మ. ఇరుసుకీ కమాను కట్టకీ మధ్య ఒక ఇనప దిమ్మ పెట్టి పొడుగు యూ-బోల్టులు బిగించడం. 3 అంగుళాల దిమ్మకి కచ్చితంగా 3 అంగుళాల ఎత్తు. వెనకాల చాలా కంపెనీలు ఫ్యాక్టరీలోనే పెట్టి ఇస్తాయి. ముందు ఇరుసు కింద మాత్రం ఎవరూ పెట్టకూడదు. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకి వస్తుంది, ఇరుసు తన చుట్టూ తాను తిరగాలని చూస్తుంది. అప్పుడా దిమ్మ గునపంలా పనిచేసి కమానుని మెలిపెడుతుంది. వదులైన రోజున జారిపోయేది స్టీరింగు తిప్పే ఇరుసు. 1970లలో చాలామంది పెట్టారు. ఆ చవక లెక్క దిమ్మ ధరతో ఆగేది కాదు.

నాలుగోది నాకు బాగా నచ్చేది, నా బండికి పనికిరానిది. పాత జీప్ సీజేలకీ, 1980లలో ఇక్కడికి వచ్చిన సుజుకి సమురాయ్‌కీ (మన మారుతి జిప్సీకి సొంత చుట్టం) కమాను కట్ట ఇరుసుకి కింద వేలాడుతుంది. దాన్ని విప్పి, ఇరుసు పైన కొత్త పీటలు వెల్డింగ్ చేసి, కట్టని పైకి ఎక్కించారు. ఇరుసు లావు, కట్ట మందం కలిసి నాలుగైదు అంగుళాలు లేస్తుంది. కొత్తగా కొన్నది రెండు ఇనప పీటలే. స్టీరింగు రాడ్డు కోణం చెడుతుంది, దానికి మళ్ళీ వేరే వైద్యం కావాలి. కానీ ఉన్న వస్తువునే తిరగేసి పని సాధించడంలో ఒక అందం ఉంది. కోడ్ రాసేవాళ్ళకి ఆ ఆనందం తెలుసు.

ఐదోది బాడీ లిఫ్ట్. ఇక్కడ సస్పెన్షన్ ముట్టుకోరు. ఛాసిస్‌కీ పైనున్న కేబినుకీ మధ్య మందపాటి బిళ్ళలు పెడతారు. మంచు ప్రాంతాల వాళ్ళు ఇందుకు ఐస్ హాకీ బిళ్ళలు వాడారు! గట్టి రబ్బరు, సరిగ్గా అంగుళం మందం, ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది. మధ్యలో బెజ్జం వేస్తే సరి. టైరుకి చోటు దొరుకుతుంది గానీ, ఛాసిస్ ఎక్కడున్నది అక్కడే. పైకి లేచిన రేడియేటరు కవచానికి కిందున్న ఫ్యాను రాసుకుంటుంది. బంపరుకీ కేబినుకీ మధ్య సందు, పొట్టి ప్యాంటు కింద మేజోడు కనిపించినట్టు.

ఇక నా 1991 బండి సంగతి. దాని ముందు టార్షన్ బార్లు. టార్షన్ బార్ అంటే పొడుగాటి ఉక్కు కడ్డీ, ఒక కొస చక్రాన్ని పట్టుకున్న చేతికి, ఇంకో కొస ఛాసిస్‌కి. చక్రం లేచినప్పుడు కడ్డీ మెలి పడుతుంది. వెనక కొస దగ్గర సర్దుబాటు బోల్టు ఉంటుంది. దాన్ని రెంచితో తిప్పితే బండి ముందు భాగం లేస్తుంది. ఖర్చు సున్నా. అందుకే 1986 తర్వాతి టొయోటాలకీ, 1988లో అదే దారి పట్టిన షెవీలకీ ఇది పేదవాడి లిఫ్ట్ అయి కూర్చుంది.

సున్నా ఖర్చు అన్న చోటే జాగ్రత్తగా చూడాలి. బండి బరువు మారలేదు, కాబట్టి ఆ బరువుని మోయడానికి కడ్డీ పడే మెలి కూడా అంతే. బోల్టు తిప్పితే కడ్డీ బలం పెరగదు. చక్రం నిలబడే స్థానం మాత్రం కిందకి జరుగుతుంది. అంటే గుంటలో దిగడానికి చక్రానికి మిగిలిన చోటు తగ్గిపోతుంది. ఈ టొయోటాల్లో ఆ చోటు ముందే తక్కువ. రెండంగుళాలు లేపితే చిన్న గుంటకే పై చెయ్యి రబ్బరుకి కొట్టుకుని ఠపీమంటుంది. సీవీ జాయింటులు ఏటవాలుగా తిరుగుతూ తొందరగా అరుగుతాయి. ఆ ఇష్టం లేనివాళ్ళు మొత్తం పీకేసి 1985కి ముందరి ఇరుసు తెచ్చి వెల్డింగ్ చేయించుకుంటారు. వెనకాలకి షెవర్లే పెద్ద పికప్పుల 63 అంగుళాల కమాను కట్టలు యార్డు నుంచి తెచ్చి వేస్తారు. అది అద్భుతమైన పని, కానీ చవక పని కాదు. నాకు వెల్డింగూ రాదు, అపార్ట్‌మెంట్ పార్కింగులో అది కుదరదు కూడా.

ఇదంతా చదివాక కాగితం మీద ఒక లెక్క వేసుకున్నాను. నా బండికి మామూలుగా వచ్చే టైరు 225/75ఆర్15, ఎత్తు సుమారు 28.3 అంగుళాలు. జనం ఎక్కువగా ఆశపడేది 31 అంగుళాలది. తేడా 2.7. ఇరుసు ఉండేది చక్రం మధ్యలో కాబట్టి దానికి దక్కేది అందులో సగం, 1.35 అంగుళాలు. సస్పెన్షన్ ఎంత లేపినా వెనక డిఫరెన్షియల్ గుండు నేల నుంచి ఒక్క వెంట్రుక కూడా లేవదు. రాయికి తగిలేది అదే. దాన్ని లేపేది టైరు ఒక్కటే. నాలుగు అంగుళాల లిఫ్టంతా ఆ టైరుకి చోటు ఇవ్వడానికి, బండి పొట్ట, ముందు బంపరు తగలకుండా ఉండడానికి. బదులుగా బరువు పైకి వెళ్తుంది, మలుపులో బండి ఒరుగుతుంది. స్పీడోమీటరు 60 చూపిస్తుంటే నిజంగా 65 దాటి పోతుంటాం.

చట్టాలు కూడా అందుకే వచ్చాయి. నేనుండే నార్త్ కరోలినాలో కొన్నేళ్ళ క్రితం కుర్రాళ్ళు ముందు మాత్రమే లేపి వెనక దించి, ముక్కు ఆకాశంలో పెట్టుకుని తిరిగేవాళ్ళు. కరోలినా స్క్వాట్ అంటారు. హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్ళలోకి కొడతాయి, నడిపేవాడికి ముందున్న రోడ్డు కనపడదు. ముందు ఫెండరు వెనకదానికంటే 4 అంగుళాలు ఆపైన ఎత్తు ఉండకూడదని 2021 డిసెంబరు నుంచి ఇక్కడ చట్టం. వర్జీనియాలో ఒక ప్రాణం పోయాక 2022లో, ఆ తర్వాత 2023లో సౌత్ కరోలినాలో కూడా నిషేధించారు. రైతు బురద కోసం మొదలైన ఎత్తు అక్కడిదాకా వచ్చింది.

నా బండి దగ్గరికొస్తే, టేపు పెట్టి చక్రం మధ్య నుంచి ఫెండరు అంచుదాకా నాలుగు పక్కలా కొలిచాను. వెనకాల ఎడమ పక్క కుడి కంటే ముప్పావు అంగుళం కిందకి ఉంది. పాత యజమాని గడ్డి మోపులు, ఎరువు బస్తాలు మోయించాడట. కమానులు విల్లు పోయి స్కేలుబద్దల్లా అయ్యాయి. ముప్పై ఏళ్ళు దాటిన బండికి ముందు కావలసింది లిఫ్ట్ కాదు, పోయిన ఎత్తు. వంగిన పట్టీల మధ్య కొత్త పట్టీ దూర్చడం కంటే కొత్త కట్టలే నయమనిపించి, ఫ్యాక్టరీ కొలత కంటే అంగుళంన్నర ఎక్కువ వంపున్న జత, బుష్‌లు, యూ-బోల్టులతో కలిపి 500 డాలర్ల చిల్లరకి తెప్పించాను. ముందు టార్షన్ బార్లు అంగుళం మటుకే తిప్పుతాను. టైర్లు ఉన్నవే.

ఇంకొక్క చిన్న ముక్క ఉంది, కిట్టు పెట్టెల మీద రాయనిది. ఈ పికప్పులకి వెనక ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య ఒక కడ్డీ, దాని చివర ఒక బ్రేకు వాల్వు ఉంటాయి. తొట్టిలో బరువు వేస్తే బండి కుంగుతుంది, కడ్డీ కదిలి వెనక బ్రేకులకి ఎక్కువ ఒత్తిడి పంపిస్తుంది. బండిని లేపితే ఆ వాల్వు తొట్టి ఎప్పుడూ ఖాళీ అనుకుని వెనక బ్రేకులు తగ్గించేస్తుంది. దాని బ్రాకెట్ లేపినంత పైకి జరిపితే సరిపోతుంది. చవక లిఫ్టులో ఎక్కువమంది వదిలేసేది ఇదే. మా అమ్మాయి పక్క సీట్లో కూర్చుంటుంది కాబట్టి, ముందు అది బిగించి, ఖాళీ పార్కింగ్ స్థలంలో నాలుగుసార్లు బ్రేకు కొట్టి చూసి, ఆ తర్వాతే యువారీ అడవి దారి పట్టిస్తాను.